శివారు దాకా నీరందాలి
తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ – రాబోయే విడుదలలు – మన బాధ్యత

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇరిగేషన్ శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటరు శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. అయినా కార్యదర్శిగారు ఈ విషయం నాకే అప్పగించారు. మన సంఘం ఆఫీసులో ఉన్న పాత కంప్యూటరును ఏం చేయాలన్న చర్చ రెండు సమావేశాలుగా నలుగుతూనే ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 మన యంత్రం మీద ఎక్కదు. కొత్తది కొందామని కొందరు, స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసి ఉచితంగా ఇచ్చే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుందామని కొందరు అంటున్నారు. నేను రెండో పక్షం. అయితే అందులో అడుగుపెట్టే ముందు, దాన్ని తయారుచేసేవారు రాబోయే విడుదలలకు ఎలాంటి ప్రణాళిక వేసుకుంటున్నారో తెలుసుకోవడం మన ధర్మం.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో ఒక్క మాటలో మనవి చేస్తాను. ఆఫీసులో హెడ్‌గుమాస్తా వంటిది. ఏ ఫైలు ఏ సెక్షనుకు పోవాలి, ఎవరికి ఏ బల్ల ఇవ్వాలి అని చూసేది అదే. హెడ్‌గుమాస్తాకే సగం గది కావలసివస్తే మిగతా వారికి చోటు ఉండదు. తక్కువ చోటులో సర్దుకుని పని నడిపించేదే తేలికపాటి సిస్టమ్.

ఇటువంటివి చాలావరకు డెబియన్ అనే పెద్ద వ్యవస్థ మీద ఆధారపడి ఉన్నాయి. డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి అమెరికాలో మొదలుపెట్టారు. నేటికీ దాన్ని నడిపేది ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలే. మన భాషలో చెప్పాలంటే డెబియన్ ప్రకాశం బ్యారేజి. బన్సెన్‌ల్యాబ్స్, యాంటీఎక్స్ వంటి తేలికపాటి సిస్టములు దాని కింద పారే కాలువలు. పైన నీరు వదలనిదే బోదెలో పారదు. అందుచేత ఈ చిన్న సిస్టములు తమ విడుదల ఎప్పుడన్నది ఆలోచించే ముందు డెబియన్ విడుదల ఎప్పుడో చూసుకుంటాయి.

డెబియన్ వారి పద్ధతి మన కాలువల పద్ధతికి దగ్గరగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, గుర్రపుడెక్క లాగేసి, గేట్లు సరిచూసి, ఆ తరువాత సార్వాకు నీరు వదిలేవారు కదా. వారు కూడా రెండేళ్లకు ఒకసారి కొత్త చేర్పులన్నీ ఆపేస్తారు. ఆ కట్టడి మెట్టు మెట్టుగా బిగుస్తుంది. ఆ కాలంలో తప్పులు దిద్దడమే తప్ప కొత్త హంగులు చేర్చరు. 2025 మార్చిలో అలా మొదలుపెట్టి, ఆగస్టు 9న 13వ విడుదల ఇచ్చారు. ఒక్కొక్క విడుదలకు సుమారు మూడేళ్లు పూర్తి సంరక్షణ, ఆపైన రెండేళ్లు పొడిగింపు. అంటే వేసుకున్నవాడికి ఐదేళ్ల హామీ. ఈ హామీయే మనకు ముఖ్యం. కొత్త రంగులు, కొత్త బొమ్మలు మనవంటి వారికి అక్కరలేదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. కంప్యూటర్లలో పాత 32 బిట్ల రకం, తరువాత వచ్చిన 64 బిట్ల రకం అని రెండున్నాయి. 13వ విడుదలతో డెబియన్ వారు 32 బిట్ల పాత పర్సనల్ కంప్యూటర్లకు స్థాపన సాధనాన్నీ, కెర్నెల్ అనే మూల భాగాన్నీ ఇవ్వడం మానేశారు. అటువంటి యంత్రం ఉన్నవారు 13కు మారవద్దనీ, 64 బిట్లకు వీలుంటే అది వేసుకోమనీ, లేకపోతే యంత్రాన్ని రిటైర్ చేయమనీ తమ విడుదల పత్రంలో సూచించారు. రిటైర్ అనే మాట మనకు కొత్తది కాదు గనుక ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను.

వారిని తప్పుపట్టడానికి వీలులేదు. పాత యంత్రాల మీద పరీక్షించేవారు కరువయ్యారు. మరో కారణం కూడా ఉంది. ఈ సిస్టములు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి తేదీ చెబుతాయి. పాత పద్ధతిలో ఆ లెక్క రాసే గడి 2038 జనవరి 19తో నిండిపోతుంది. సర్వీసు రిజిస్టరులో కాలమ్ చాలకపోతే ఎంత తిప్పలో మనకు తెలుసు. 13వ విడుదలలో మిగతా యంత్రాలకు ఆ గడిని వెడల్పు చేశారు. పాత 32 బిట్ల పర్సనల్ కంప్యూటరుకు మాత్రం చేయలేదు. చేస్తే ఏ పాత ప్రోగ్రాముల కోసం దాన్ని ఇంకా ఉంచుతున్నారో అవే పనిచేయవు.

ఇది శివారు భూముల సమస్య. కృష్ణా డెల్టాలో ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. బ్యారేజి దగ్గర నీటిమట్టం ఎంత ఉన్నా, నాగాయలంక వైపు చివరి చేలో నీరు అందిందా లేదా అన్నదే ఆ ఏడాది లెక్క. పైవాడికి రెండు రోజులు ఆలస్యమైతే విసుగు, శివారు వాడికి ఆలస్యమైతే పంటే పోతుంది. తేలికపాటి సిస్టమ్ పుట్టిందే శివారు వాడి కోసం. కనుక దాని విడుదలకు ప్రణాళిక వేసేవారు మొదట అడగవలసింది “కొత్తగా ఏం చేర్చుదాం” అని కాదు. “ఎంత పాత యంత్రం దాకా, ఏ తేదీ దాకా అందించగలం” అని. అందించలేకపోతే ఆ మాట ముందుగా చెప్పాలి. నీరు రాదని జూన్‌లో తెలిస్తే రైతు మినుము వేసుకుంటాడు, ఆగస్టులో తెలిస్తే ఏం వేస్తాడు?

ఈ లెక్కన చూస్తే డెబియన్ 12వ విడుదలకు పొడిగింపు 2028 జూన్ దాకా ఉంది. దాని ఆధారంగా 2023లో వచ్చిన యాంటీఎక్స్ 23ను 32 బిట్ల యంత్రాలకు కూడా ఇచ్చారు. పాత యంత్రం ఉన్నవారికి ఆ గడువు దొరికినట్టే. ఇంకొక ముఖ్య విషయం. మన ఇళ్లలోని చాలా పాత కంప్యూటర్లలో 32 బిట్ల విండోస్ ఉన్నా, లోపలి ప్రాసెసరు 64 బిట్లదే అయివుండవచ్చు. పాత సామాన్ల వాడికి ఇచ్చే ముందు పిల్లల చేత అది చూపించండి.

రెండవ చిక్కు మనుషులది. జీతం లేని పనిలో మనుషులు మారిపోతుంటారు. క్రంచ్‌బ్యాంగ్ అనే తేలికపాటి సిస్టమ్‌ను ఒక్కరే నడుపుతూ వచ్చి, 2015 ఫిబ్రవరిలో ఇక చాలునని విరమించుకున్నారు. దాన్ని వాడుతున్నవారే కొందరు కలిసి బన్సెన్‌ల్యాబ్స్ పేరుతో కొనసాగించారు. తమ విడుదలలకు హైడ్రోజన్, హీలియం, లిథియం అంటూ మూలకాల వరుసలో పేర్లు పెట్టుకున్నారు. మనవలను అడిగితే తరువాత పేరేమిటో వారే చెబుతారు! ఆస్ట్రేలియాలో బారీ కౌలర్ అనే ఒకప్పటి అధ్యాపకుడు 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్ కూడా, ఆయన పక్కకు తప్పుకున్నాక ఇతరుల చేతుల్లో నడుస్తోంది. ఛార్జి అప్పగింత సరిగా జరిగితే ఆఫీసు ఆగదు. కాబట్టి తరువాత ఎవరన్నది కూడా విడుదల ప్రణాళికలో భాగమే.

మన తెలుగువారు కూడా ఈ పనిలో ఉన్నారు. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. పిల్లలకు బాల స్వేచ్ఛ, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ-స్వేచ్ఛ అని వేరుగా రూపొందించింది. ఇటువంటి పనికి విద్యార్థులే బలం. అయితే విద్యార్థి చదువు కాగానే ఉద్యోగానికి పోతాడు. తీరిక, ఓపిక, నిలకడ ఉన్నవారు ఎవరయ్యా అంటే, ఈ హాలులో కూర్చున్నవారే.

“మాకు ప్రోగ్రాములు రాయడం రాదు కదా” అంటారు. అక్కరలేదు. విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే ప్రతిని వాడి చూసి, ఎక్కడ ఆగిపోయిందో రాసి పంపేవారు వారికి కావాలి. ఏ తేదీన, ఏ యంత్రం మీద, ఏ మెట్టు దగ్గర, ఏం చేస్తే ఏం జరిగింది – ఇంతే. నోట్ ఫైలు రాసి జీవితం గడిపినవారికి ఇంతకన్నా తెలిసిన పని లేదు. తెలుగు అక్షరాల్లో ఒత్తు పక్కకు జరిగినా, అనువాదంలో అర్థం కాని మాట పడినా పట్టుకోగలవారు మనమే. పాత యంత్రాల మీద పరీక్షించేవారు లేకనే పాత యంత్రాలకు నీరు ఆగిందని ఇందాక మనవి చేశాను. ఆ పాత యంత్రాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

కనుక సభవారి ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, సంఘం కంప్యూటరును అమ్మకుండా, ముందు పెన్‌డ్రైవ్ మీద తేలికపాటి సిస్టమ్ నడిపి నెల రోజులు చూడాలి. పెన్షనరు జీవన ప్రమాణ పత్రం వంటి వేలిముద్ర పనులకు అది సరిపోతుందో లేదో అప్పుడే తేలుతుంది. సరిపోకపోతే ఆ పనికి వేరే ఏర్పాటు ఉంచుకోవాలి. రెండు, నలుగురు సభ్యులతో పరీక్షా సంఘం వేసి, చూసిన లోపాలను తయారీదారులకు క్రమంగా రాయాలి. మూడు, మనం వాడే విడుదల గడువు తేదీని నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో అంటించాలి.

 పరీక్షా సంఘానికి మొదటి పేరుగా నా పేరు రాసుకోవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.