చెవిలో మాటలు ఆగాక



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న నర్సింగ్, ఆక్యుపేషనల్ థెరపీ, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ విద్యార్థులైన మీతో, నాకిచ్చిన ఈ కాసేపూ ఒకే జబ్బు గురించి మాట్లాడతాను. స్కిజోఫ్రీనియా. అందులోనూ ఒక్క విషయమే. మందులు పనిచేసి, చెవిలో మాటలు ఆగిపోయి, అనుమానాలు తగ్గాక కూడా ఆ మనిషి ఇంటి వెనక గదిలోనే ఎందుకు ఉండిపోతున్నాడు? అతణ్ణి మళ్ళీ నలుగురిలోకి తేవడానికి మన చేతిలో ఏమున్నాయి?

1952లో పారిస్‌లో జాఁ దెలే, పియేర్ దెనికేర్ అనే ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రోమజీన్‌ను మానసిక రోగులకు ఇచ్చి చూశారు. ఏళ్ళ తరబడి ఆసుపత్రి గోడల మధ్యే ఉండిపోయినవాళ్ళు ఇంటికి వెళ్ళగలిగే రోజులు ఆ తరవాత వచ్చాయి. ఆ మందూ, దాని వెనక వచ్చినవీ లేకపోతే నేను చెప్పబోయేది ఏదీ సాధ్యం కాదు. నేను చెప్పబోయే చికిత్సలన్నీ మందులతో పాటు ఇవ్వవలసినవి. మీ దగ్గరికి వచ్చే కుటుంబాలకు ఈ మాట మొదటి రోజే చెప్పండి. 'కౌన్సెలింగ్ మొదలైంది కదా, ఇంకా మాత్రలెందుకు' అని మానేసి, జబ్బు తిరగబెట్టి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

అయితే మందుకు ఒక హద్దు ఉంది. లేని మాటలు వినపడటం, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారన్న నమ్మకం, వీటి మీద అది బాగా పనిచేస్తుంది. మాట తగ్గిపోవడం, ముఖంలో ఏ భావమూ కనబడకపోవడం, స్నానం చేయాలని కూడా అనిపించకపోవడం, ఎదుటివాడిది కోపమో వేళాకోళమో పోల్చుకోలేకపోవడం, వీటి మీద దాని ప్రభావం చాలా తక్కువ. ఇంట్లోవాళ్ళు వీటిని జబ్బు అనుకోరు. 'ఒళ్ళు బద్ధకం', 'తిని కూర్చుంటున్నాడు' అంటారు. అవి కూడా జబ్బు లక్షణాలేనని ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా చెప్పడమే ఎన్నో ఇళ్ళలో మీరు చేసే మొదటి చికిత్స అవుతుంది. మన దేశంలో మానసిక వైకల్యాన్ని లెక్కగట్టే ఐడియాస్ కొలమానం చూసేవి కూడా ఇలాంటి నాలుగు విషయాలే: తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం.

మనుషులతో మెలగడాన్ని నేర్పవచ్చు. లాస్ ఏంజెలెస్‌లో రాబర్ట్ లిబర్‌మన్, ఆయన సహచరులు సోషల్ స్కిల్స్ శిక్షణకు ఒక పద్ధతి ఏర్పరచారు. దాన్ని మన వైపు ఎలా వాడతామో చెబుతాను. చుట్టాల పెళ్ళిలో భోజనాల దగ్గర ఎవరో పెద్దాయన అడుగుతారు: "ఏం బాబూ, ఇప్పుడేం చేస్తున్నావ్?" మనకది పలకరింపు. డిగ్రీ మధ్యలో జబ్బుపడి అప్పటినుంచీ ఇంట్లోనే ఉన్న కుర్రాడికి అంతకంటే భయంకరమైన ప్రశ్న ఇంకోటి లేదు. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి ఏ శుభకార్యానికీ వెళ్ళకుండా ఏళ్ళు గడిపేసినవాళ్ళున్నారు.

అందుకని శిక్షణ గదిలో ఆ పెళ్ళి పందిరి వేస్తాం. పెద్దాయన పాత్ర గుంపులో ఇంకొకరిది. ముందు కుర్రాడి పాత్ర మీరు వేసి చూపిస్తారు. చూపు ఎటు ఉండాలి, గొంతు ఎంత పెంచాలి, "కొన్నాళ్ళు ఒంట్లో బాగుండలేదు బాబాయ్, ఇప్పుడు నాన్నకి కొట్లో సాయం చేస్తున్నా" అని ఎక్కడ ఆపాలి, "మీ అమ్మాయి బెంగళూరులోనే ఉందా?" అని మాట ఎలా మళ్ళించాలి. తరవాత అతను చేస్తాడు. బాగా చేసిందేమిటో ముందు చెప్పాలి, మార్చుకోవలసింది ఒక్కటే చెప్పాలి. మళ్ళీ చేయించాలి. ఆ వారంలో నిజంగా ఒక బంధువుతోనో పక్కింటాయనతోనో మాట్లాడి రావాలి. అది హోంవర్కు.

ఈ శిక్షణ విలువ మీద నిపుణులందరిదీ ఒకే మాట అనుకోకండి. అమెరికాలో స్కిజోఫ్రీనియా చికిత్స మీద 2009 నాటి పోర్ట్ సిఫార్సులు దీన్ని ఇవ్వమన్నాయి. బ్రిటన్‌లో నైస్ అనే ఆరోగ్య సంస్థ 2014 మార్గదర్శకం దీన్ని విడిగా అందరికీ ఇవ్వొద్దంది. గదిలో నేర్చుకున్నది గదిలోనే ఉండిపోతుందన్నది ఎప్పటినుంచో ఉన్న విమర్శ, అందులో నిజముంది. నాకు తేడా కనబడేది ఆ హోంవర్కు దగ్గర. కిరాణా కొట్టు దాకా మీరు కూడా నడిచి వెళ్తే, ఇంట్లో ఒక అక్కనో బావమరిదినో సాయానికి కుదుర్చుకుంటే నేర్చుకున్నది నిలుస్తుంది. సర్టిఫికెట్టు కోసం నడిపే వారానికో గంట క్లాసుతో ఏమీ మిగలదు.

ఇల్లు అన్నాను కాబట్టి ఇంటి గురించి. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆసుపత్రుల నుంచి ఇళ్ళకు వెళ్ళినవాళ్ళను గమనించాడు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళ కంటే అద్దె గదుల్లోనో తోబుట్టువుల దగ్గరో ఉన్నవాళ్ళు మెరుగ్గా ఉన్నారు. దాన్ని పట్టుకుని తరవాత చేసిన అధ్యయనాల్లో మూడు విషయాలు తేలాయి. ఇంట్లో ఎత్తిపొడుపు, ద్వేషం, మితిమీరిన ఆరాటం ఎక్కువగా ఉన్నచోట జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. 1980లలో చండీగఢ్‌లో ఇదే కొలిచినప్పుడు అవి లండన్ ఇళ్ళలో కంటే తక్కువగా కనిపించాయి. దాన్ని చూసి పొంగిపోవడానికి లేదు. ఆనాటి ఉమ్మడి ఇంట్లో పదిమంది పంచుకున్న భారాన్ని ఇవాళ రెండు గదుల ఫ్లాటులో ఒక్క తల్లి మోస్తోంది.

ఆ తల్లి ముప్ఫై ఏళ్ళ కొడుక్కి అన్నం కలిపి పెడుతూ ఉంటుంది. ఆమెను తప్పుపట్టకండి, ఆమె లేకపోతే అతను ఏ రోడ్డు మీదో ఉండేవాడు. ఒక్క పని అతనికి అప్పగించమని అడగండి. సాయంత్రం పాల ప్యాకెట్ తేవడం అతనిది. మొదటి వారం మర్చిపోతాడు. ఆ పూట ఇంట్లో టీ ఉండదని, అయినా ఎవరూ కోప్పడకూడదని ముందే ఒప్పించండి. కుటుంబాలను కూర్చోబెట్టి జబ్బు గురించి చెప్పడం, సమస్యను ముక్కలు చేసి పరిష్కరించుకోవడం నేర్పడం వల్ల జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందన్నది ఎన్నో దేశాల్లో రుజువైంది. మనవాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబాలను రోగులతో పాటు ఉండనిచ్చాడు.

ఇళ్ళలో మీకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "పెళ్ళి చేస్తే కుదురుకుంటుందా అమ్మా?" గట్టిగా, మర్యాదగా సమాధానం చెప్పండి. చెన్నైలో శారదా మేనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థలో ఆర్. తార బృందం కాపురం చెడిపోయిన స్కిజోఫ్రీనియా స్త్రీల మీద చేసిన అధ్యయనాన్ని చదివి వెళ్ళండి. జబ్బు ఒక భారం, మొగుడు వదిలేసిందన్న పేరు ఇంకో భారం. పెళ్ళి ఈ జబ్బుకు చికిత్స కాదు.

ఇక పని. అన్నిటికన్నా నాకు గట్టి నమ్మకం దీని మీదే. మన పునరావాస కేంద్రాల్లో కాగితం కవర్లు అంటిస్తూ, కొవ్వొత్తులు పోస్తూ ఏళ్ళు గడిచిపోతాయి. శిక్షణ పూర్తయ్యే రోజు రాదు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ ఈ వరసను తిరగేశారు. ముందు నిజమైన ఉద్యోగం, అతను కోరుకున్నది. నేర్పేదంతా ఆ ఉద్యోగంలో ఉండగానే, పక్కన ఒక మనిషి సాయంగా ఉండి నేర్పుతారు. 'ఇతను ఇంకా సిద్ధంగా లేడు' అని ఎవరినీ పక్కన పెట్టరు. ఆరు యూరోపియన్ నగరాల్లో 312 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఈ పద్ధతిలో 55 శాతం మందికి పని దొరికింది, మామూలు వృత్తి శిక్షణలో 28 శాతం మందికే. జ్ఞాపకశక్తికీ ఏకాగ్రతకూ చేయించే కసరత్తులు కూడా ఇలాంటి పునరావాసంతో కలిపినప్పుడే జీవితంలో ఎక్కువ మార్పు తెస్తాయని లండన్‌లో టిల్ వైక్స్ బృందం 2011లో చూపించింది.

మన ఊళ్ళలో నెలజీతం ఉద్యోగాలు అన్ని లేవు, నిజమే. జిరాక్సు సెంటరు ఉంది, టైలరింగ్ ఉంది, మెస్సు ఉంది, ఉపాధి హామీ పని ఉంది, సొంత పొలం ఉంది. అతని అనుమతి తీసుకుని మీరే యజమాని దగ్గరికి వెళ్ళండి. పొద్దున్న మాత్రల మత్తు ఉంటుంది, పదకొండుకు రానివ్వండి, ఒకేసారి ఒక్క పనే చెప్పండి అని అడగండి. కొందరు కాదంటారు. ఒప్పుకునేవాళ్ళు ఉంటారు.

యోగా గురించి మీలో కొందరు అడుగుతారు. 2007లో బెంగళూరు పరిశోధకులు 61 మంది మీద చేసిన అధ్యయనంలో వ్యాయామం చేసినవాళ్ళ కంటే యోగా చేసినవాళ్ళు నాలుగు నెలల తరవాత సామాజికంగా మెరుగ్గా ఉన్నారు. చిన్న అధ్యయనం, ఆశ కలిగించేది. మందులకు తోడుగా, మనస్ఫూర్తిగా వాడండి.

ఇదంతా పెద్ద నగరాల్లోనే సాధ్యమని ఎవరైనా అంటే 2014లో లాన్సెట్‌లో వచ్చిన కాప్సీ పరీక్షను చూపించండి. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మంది. వాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళకు శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఏడాది పాటు వెళ్ళారు, నిపుణుల పర్యవేక్షణలో. ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవాళ్ళ కంటే వీళ్ళ లక్షణాలు, వైకల్యం కొంత తగ్గాయి. మార్పు ఓ మోస్తరే. ఊళ్ళోవాళ్ళ చిన్నచూపు మాత్రం తగ్గలేదు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

చట్టం మీ వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 19వ సెక్షన్ సమాజంలో కలిసి బతికే హక్కు ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో ఒక శాతం రిజర్వేషన్‌ను మేధో వైకల్యం, ఆటిజం వంటివాటితో పాటు మానసిక జబ్బుకూ కలిపి కేటాయించింది. వైకల్య ధ్రువపత్రం ఎక్కడ ఇస్తారో, ఏ రోజు మెడికల్ బోర్డు కూర్చుంటుందో చేరిన మొదటి వారంలోనే కనుక్కోండి.

కేస్ షీటులో 'నిద్ర బాగుంది, ఆకలి ఉంది, మాటలు వినపడటం లేదు' అని రాశాక కింద ఇంకో వరస రాయండి: ఈ వారం ఇంట్లోవాళ్ళతో కాకుండా ఇంకెవరితో మాట్లాడాడు, ఏం పని చేశాడు. అది ఖాళీగా ఉంటే 'కోలుకున్నాడు' అని సంతకం పెట్టకండి.