ఫైర్‌వాల్‌కు ఇవతల
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో రెండు సీట్ల విమానం కడుతున్నానని తెలిసి, దాని గురించి చెప్పమన్నారు. ఇది నాతో మొదలైన పని కాదు. కేరళకు చెందిన అశోక్ తామరాక్షన్ ఇంగ్లండ్‌లో నాలుగు సీట్ల విమానం కట్టుకొని కుటుంబంతో ప్రయాణించారు. అమెరికాలోనైతే కిట్ కొనుక్కొని, సగానికి పైగా పని సొంతంగా చేసుకుంటే, తనిఖీ తర్వాత ఎగరడానికి అనుమతి ఇస్తారు. అందులో ఒక్క భాగం గురించే మాట్లాడతాను. ఇంజనుకూ మనుషులకూ మధ్య ఉండే గోడ, దాని మీది కరెంటు పని.

ఆ గోడ పేరు ఫైర్‌వాల్. గోడ అంటున్నానే గాని, అర మిల్లీమీటరు కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. అవతల ఇంజను, పెట్రోలు, కాగే ఆయిలు. ఇవతల మన కాళ్లు. విమానం ఒళ్లంతా అల్యూమినియమే అయినా అది 660 డిగ్రీలకే కరిగిపోతుంది కనుక ఇక్కడ స్టీలు పెడతారు. ఫైర్‌వాల్ సామగ్రి సుమారు 1,100 డిగ్రీల మంటను 15 నిమిషాలు ఆపాలన్నది లెక్క. ఆ వ్యవధిలో పైలట్ ఎక్కడో ఒకచోట దిగాలి.

పలాసవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. జీడిపిక్క తొక్కలో చేతులు కాల్చే నూనె, దాని పక్కనే పప్పు. ఆ నూనె పప్పుకు అంటకుండా పిక్క కొట్టడంలోనే మన ఆడవాళ్ల పనితనమంతా ఉంది.

రేకుకు బలహీనత మనం వేసే కన్నాలే. తీగ ఒరుసుకోకుండా కన్నానికి రబ్బరు వాషరు ఒక్కటే తొడిగితే, మంటకు అది కాలిపోయి దారి తెరుస్తుంది. అందుకే తీగలను కట్టగా స్టీలు గొట్టంలోంచి పంపి, పైన ఫైర్‌స్లీవ్ తొడిగి, మంటను తట్టుకునే సీలెంటుతో మూస్తాను. తీగ కూడా ఇళ్లలో వాడే పి.వి.సి. రకం కాదు, అది కాలితే ఊపిరాడనివ్వని ఆమ్లపు పొగ వస్తుంది. 150 డిగ్రీలు తట్టుకునే టెఫ్‌జెల్ తీగ వాడతాం.

ఇక కాంటాక్టరు. ఇంజను స్టార్టు చేయడానికి వందల ఆంపియర్లు కావాలి. అంత కరెంటును పైలట్ ముందున్న చిన్న స్విచ్ మోయలేదు. స్విచ్ నొక్కితే కొద్దిపాటి కరెంటు వెళ్లి కాంటాక్టరును లాగుతుంది, అది పెద్ద కరెంటును కలుపుతుంది. దీన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా బిగించాలి. ప్రమాదంలో మాస్టర్ స్విచ్ ఆపాక కూడా బ్యాటరీకీ కాంటాక్టరుకూ మధ్య తీగలో కరెంటు ఉంటుంది. ఆ తీగ ఎంత పొట్టిదైతే అంత మంచిది. 2018 అక్టోబరులో తితిలీ వచ్చి వెళ్లాక ఉద్దానంలో స్తంభాలెత్తిన లైన్‌మన్‌లను గుర్తు చేసుకోండి. సప్లై ఆగిందని తేల్చుకోకుండా తీగ ముట్టుకునే పని కాదది.

మరొకటి ఎర్తు తీగ. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి విమానం ఒంటితో దానికి విద్యుత్ సంబంధం సరిగా ఉండదు. ఇంజనును ఫైర్‌వాల్‌తో కలిపే లావుపాటి అల్లిక తీగ వేయకపోతే, స్టార్టరు కరెంటు థ్రాటిల్ కేబుల్ గుండా దారి వెతుక్కొని దాన్ని కాల్చగలదు.

బిగించిన ప్రతి నట్టు మీదా రంగు గీత పెడతాను. నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. రేపు ఆ రెండో సీట్లో మా ఆవిడ కూర్చుంటుంది. అందుకే రాత్రి ఎంత పొద్దుపోయినా గీత లేని నట్టును వదిలిపెట్టను.

గురువులకు ఒక మనవి. సెల్లు, బల్బు, స్విచ్ బొమ్మలు మా తరం నోటుపుస్తకాల్లో చక్కగా వేసింది. ఇప్పటి పిల్లలు వాటిని చేత్తో కూడా చేయాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా ఒక వైరింగ్ బోర్డు స్వయంగా తయారుచేసేలా ఏర్పాటు చేయండి. మల్టీమీటర్లు, క్రింపింగ్ పనిముట్లు నేను పంపిస్తాను. ఊళ్లో ఉన్న మన ఎలక్ట్రీషియన్ మిత్రులు నేర్పుతామంటున్నారు. సంఘం ఒప్పుకుంటే ఈ ఏడాదే మొదలుపెడదాం.