17 జన్యువులు చెప్పే జోస్యం

అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా ఎముక మూలుగలో పుట్టి, వారాల్లోనే ముదిరే రక్త క్యాన్సర్. చాలామందిలో కీమోథెరపీకి లొంగుతుంది. కానీ కొందరిలో నెలలు తిరక్కుండానే తిరగబెడుతుంది. ఎవరిలో అన్నది ముందే పసిగట్టేదెలా?

క్రోమోజోముల తేడాలు, ఎఫ్‌ఎల్‌టి3, ఎన్‌పిఎం1 వంటి జన్యువుల్లో మార్పులు డాక్టర్లు ఎలాగూ చూస్తారు. అయితే జన్యువు మారిందా లేదా అన్నది ఒక ప్రశ్న, అదెంత జోరుగా పనిచేస్తోందన్నది ఇంకో ప్రశ్న. ఆ జోరును ఆర్‌ఎన్‌ఏ మోతాదును బట్టి అంచనా వేస్తారు.

టొరంటోలో శాస్త్రవేత్త జాన్ డిక్, ఆయన సహచరులు 78 మంది రోగుల కణాలను రకాలుగా విడదీసి ఎలుకల్లోకి ఎక్కించారు. ఓపికను పరీక్షించే పనే! కొన్ని రకాలు అక్కడా జబ్బును పుట్టించాయి, మిగతావి పుట్టించలేదు. పుట్టించినవాటిలో ఉన్నవే ల్యుకేమియా మూలకణాలు. పైపైన పీకేసినా మట్టిలో మిగిలిపోయే తుంగగడ్డల్లాంటివన్నమాట. జబ్బు పుట్టించిన కణాల ఆర్‌ఎన్‌ఏను పుట్టించనివాటి ఆర్‌ఎన్‌ఏతో పోల్చి, చివరికి 17 జన్యువులతో ఒక స్కోరు తయారుచేశారు. 2016లో ‘నేచర్’ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. స్కోరు ఎక్కువున్నవారికి మామూలు కీమోతో ఫలితం అంతంతమాత్రమేనని తేలింది.

అలాగని స్కోరే తలరాత కాదు. అది గుంపు సంగతి చెబుతుంది, మంచం మీదున్న మనిషి వయసు, ఒంట్లో సత్తువ దానికి తెలియవు. పైగా అది కీమో పొందినవారి లెక్కలతో కట్టింది. వెనెటోక్లాక్స్ లాంటి కొత్త మందులు వాడేవారికి దాన్ని విడిగా పరీక్షించి చూసుకోవాల్సిందే.