యాకమ్మ ఎవరి పేరు?

(జనగామ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరులో వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు అన్నీ వరంగల్ జిల్లాలోనివే. మేము గుమాస్తాగా ఈ మూడు చోట్లా పనిచేశాము. రిజిస్టర్లలో పదేపదే కనిపించిన ఆడపేరు యాకమ్మ. మగవారిలో యాకయ్య, యాకూబ్, యాకూబ్‌రెడ్డి కూడా!

ఈ పేర్ల పుట్టిల్లు పర్వతగిరి మండలంలోని అన్నారం షరీఫ్. అక్కడి యాకూబ్ షావలి దర్గాకు అన్ని మతాలవారూ వెళ్లి మొక్కుకుంటారు, కందూరు చేస్తారు, బిడ్డలకు ఆ వలీ పేరు పెట్టుకుంటారు. (మొక్కుల విషయంలో మనలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఆ చర్చ నేడు వద్దు.) హిందువుల ఇంట యాకమ్మ అయితే, మన ఇంట యాకూబ్‌బీ.

యాకూబ్ అనేది అరబీ రూపం, మూలం హీబ్రూ. ఆ భాషలో ‘అకేవ్’ అంటే మడమ. కవల అన్న మడమ పట్టుకొని పుట్టినందున ఆ పేరు వచ్చిందని తౌరాతు కథనం. ఖుర్‌ఆన్‌లో యాకూబ్ అలైహిస్సలాం ప్రవక్త, ఇస్‌హాఖ్ కుమారుడు, యూసుఫ్ తండ్రి. తెలుగు క్రైస్తవులకు ఆయనే యాకోబు. ఫ్రెంచివారి జాక్వెలీన్ కూడా ఈ పేరు నుండి వచ్చినదే. అంటే మన యాకమ్మకు పరదేశంలో ఒక చెల్లెలున్నదన్నమాట!

ఇంత విశాలమైన పేరుతో మేము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక ముస్లిం స్త్రీ తన పేరు యాకూబ్‌బీ అని చెప్పినా, ఊరంతా యాకమ్మ అనే పిలుస్తున్నదని రేషన్ కార్డు దరఖాస్తులో మేము అదే రాశాము. ఆమె వేలిముద్ర వేసి వెళ్లింది. ఏళ్ల తరువాత వితంతు పింఛను కోసం వచ్చినప్పుడు ఓటరు జాబితాలో ఒక పేరు, కార్డులో మరొకటి. ఇద్దరూ తానేనని రుజువు చేసుకోవడానికి అఫిడవిట్టు పట్టుకొని నాలుగు నెలలు తిరిగింది. “సారూ, నా పేరు నేను సరిగనే చెప్పిన గదా” అన్నది. మా వద్ద జవాబు లేదు.

2007 చట్టం ముస్లింలలోని కొన్ని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దూదేకుల సోదరులు బి.సి.-బి, వారి ఇళ్లలో తెలుగు పేర్లు తరతరాలుగా ఉన్నాయి. పేరు చూసి ఎవరు ఏమిటో బల్ల దగ్గరే తేల్చడం విచారణ కాదు.

పేరు లేకుండా జననం నమోదైతే పన్నెండు నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు. బడిలోనూ అవే అక్షరాలు రాయించండి. సభ ముగిశాక మేము ఇక్కడే కూర్చుంటాము. పాత కార్డులు తెచ్చినవారు రండి, ఫారాలు నింపుతాము. నింపిన పేరు మీకు చదివి వినిపించిన తరువాతే వేలిముద్ర.