టేబుల్ పక్కన ఒక స్టూలు

శాలువాలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

2019లో మొదలైన ఈ కాలేజీ నుంచి డాక్టర్లై వెళ్తున్న మీకు, ఏ కాలేజీ గడపా తొక్కని ఒక మనిషి గురించి చెప్పాలి. మల్లు స్వరాజ్యం గారు. తుంగతుర్తి దగ్గర కరివిరాల కొత్తగూడెంలో 1931లో భూస్వాముల ఇంట్లో పుట్టారు. వెట్టివాళ్లు దొరల గడీల ముందు వంగి ‘బాంచెన్ దొరా, కాల్మొక్తా’ అనే రోజులవి. పది పదకొండేళ్ల వయసులో తమ ఇంటి బియ్యం తీసి వెట్టివాళ్లకు పంచిన పిల్ల ఆమె. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టారు. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలిస్తామని సర్కారు ప్రకటించింది. ఆ కాలపు పదివేలు!

1951లో పోరాటం ఆగాక ఎన్నికల బాట. అన్న భీమ్‌రెడ్డి నర్సింహారెడ్డి గారు మిర్యాలగూడ నుంచి 1971, 1984, 1991లలో లోక్‌సభకు వెళ్లారు. ఈమె మార్క్సిస్టు పార్టీ తరఫున 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యే. మీ ఇంట్లో అమ్మమ్మలను అడగండి, ఆమె ఉయ్యాల పాట ఎత్తుకుంటే సభ ఎలా ఊగేదో చెబుతారు.

ఆమె పార్టీ మీకు నచ్చాలని నేను అనను. నా బెంగ వేరే. ఆమె ‘బాంచెన్’ అనిపించుకునే ఇంట్లో పుట్టి, ఆ గడప దిగి కిందికి వచ్చారు. మీలో చాలామంది తాతలు ఆ మాట అన్నవాళ్లే. మీరిప్పుడు ఆ గడప ఎక్కుతున్నారు.

నా సంగతే చెబుతా. కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజులవి. నాటు కూలికి వెళ్లే ఒక ముసలమ్మ జ్వరమని వచ్చింది. చెప్పులు బయటే విడిచి, గోడ వారన నేల మీద కూర్చుంది, కాళ్లు చీరలోకి ముడుచుకుని. నేను కుర్చీలోంచి లేవలేదు. జ్వరం బిళ్లలు రాసిచ్చాను. రెండు చేతులతో చీటీ అందుకుని, దండం పెట్టి వెళ్లింది. పన్నెండో రోజు బండి మీద తీసుకొచ్చారు. అరికాల్లో పుండు. చక్కెర వ్యాధి ఉందని అప్పుడు తెలిసింది. పెద్దాసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

“మొదటిరోజే కాలు ఎందుకు చూపించలేదమ్మా?” అన్నాను.

“మీ ముందట కాలు చాపుతనా సారూ?” అంది.

ఆ మాట నన్ను నలభై ఏళ్లుగా వదలలేదు. పుస్తకాల్లో చక్కెర వ్యాధి ఉంది, పుండు ఉంది. డాక్టరు ముందు కాలు చాపడం తప్పనుకునే మనిషి లేదు. ఆమె పుండును దాచింది భయం. ఆ భయం పోవాలనే కదా ఈ నేల మీద అంతమంది చచ్చిపోయింది!

ఇప్పుడు మిమ్మల్ని తిట్టాలి, కోపం తెచ్చుకోకండి. మొన్న ఒక ఆసుపత్రిలో ఓపీ దగ్గర కూర్చుని చూశాను. మీ వయసు పిల్లవాడే, బంగారం లాంటి చదువు. తండ్రి వయసున్న రైతును “ఏయ్, నువ్వు అవతల నిలబడు” అన్నాడు. చేతిలో ఫోను, కళ్లు ఫోనులో. ఆ రైతు “తప్పైంది సారూ” అని చేతులు జోడించాడు. ఏం తప్పు చేశాడయ్యా? జబ్బు పడ్డాడు, అంతే. వంద మంది క్యూలో ఉన్నారు, టైం లేదు అంటారు. నిజమే. ‘మీరు’ అనడానికి ‘నువ్వు’ కంటే ఎంత టైం ఎక్కువ పడుతుంది? మీ నాన్నను ఎవరైనా అలా అంటే ఊరుకుంటారా?

స్వరాజ్యం గారు 2022 మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె దేహాన్ని నల్గొండ మెడికల్ కాలేజీకి అప్పగించారు, మీలాంటి పిల్లలు చదువుకోవడానికి. బతికినన్నాళ్లూ కూలివాళ్ల పక్కన నిలబడిన మనిషి, పోయాక ఒళ్లు కూడా మీ చదువుకే ఇచ్చింది. ఇంతకంటే దగ్గరి బంధువు మీకు ఎవరున్నారు బిడ్డా?

డ్యూటీలో చేరిన మొదటిరోజు ఒక్క పని చేయండి. మీ టేబుల్ పక్కన రోగి కూర్చోవడానికి స్టూలు ఉందో లేదో చూడండి. లేకపోతే వేయించండి. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, “కాలు చాపమ్మా, చూస్తాను” అని మీరే అడగండి.