జుట్టు రంగు, బీమా ఫారం

పెళ్లికి వెళ్లాలని ముందురోజు జుట్టుకు రంగు వేసుకుంటాం. తెల్లారేసరికి నుదుటి మీద దద్దుర్లు, కళ్లు వాచిపోయి ఉంటాయి. చాలా నల్లరంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం చేసే పని ఇది. నల్ల హెన్నా పొడుల్లోనూ ఉండొచ్చు. గోరింటాకే కదా అనుకోకండి.

మరి ఆరోగ్య బీమా? చర్మ డాక్టరు ఫీజు, మందుల ఖర్చు చాలా పాలసీల్లో రావు. ఆసుపత్రిలో చేరితేనే వస్తాయి. ఊపిరాడక చేరాల్సి వచ్చిందనుకోండి, అప్పుడు కంపెనీ మీ పాత చీటీలు తిరగేస్తుంది.

అందుకే కొత్త పాలసీ ఫారంలో అలర్జీల గురించి, చికిత్సల గురించి అడిగితే ఉన్నది రాయండి. "రంగు పడకపోవడమూ ఒక జబ్బేనా, వదిలేయండి" అని ఏజెంటు అన్నా సరే, రాయండి. సంతకం మీది. దాచారని తేలితే క్లెయిమే పోవచ్చు. రాస్తే, ఆ సమస్యకు కొంతకాలం ఆగమనవచ్చు. ఆ గడువు 3 ఏళ్లు మించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ చెప్పింది.

ఒకసారి ముఖం వాచినవాళ్లు పీపీడీ ఉన్న రంగు మళ్లీ ముట్టుకోవద్దు. డాక్టరు చీటీని పాలసీ కాగితాలతోనే దాచుకోండి.