ఖాళీ కూడా కట్టడమే

ఈ ఉపన్యాసానికి నేనెంచుకున్న విషయం గాజు మీద కంటికి కనిపించని ఓ పూత. దాని మందం నూటపది నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో చాలా భాగం గాలి. ఆ గాలిని ఎలా నిలబెట్టాలన్నదే ఇవాళ నా మాట.

మామూలు గాజు ఒక్కో ముఖం నుంచి సుమారు 4 శాతం వెలుగును వెనక్కి పంపేస్తుంది. దాన్ని ఆపే పూత వక్రీభవన గుణకం గాజు గుణకానికి వర్గమూలం కావాలి. గాజుది 1.5 కనుక పూతది 1.22 ఉండాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. కటకాలకు వాడే మెగ్నీషియం ఫ్లోరైడ్‌దే 1.38, అంతకన్నా బాగా కిందికి దిగాలంటే పదార్థంలోకి గాలిని చొప్పించక తప్పదు. ఆ రంధ్రాలు వెలుగు తరంగం కన్నా ఎంతో చిన్నవి కావాలి. లేకపోతే పూత తెల్లగా మసకబారుతుంది.

కేథరిన్ బ్లాడ్జెట్ 1930ల చివరలోనే జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఈ పని చేసి చూపింది. కొవ్వు ఆమ్లాన్నీ దాని కాడ్మియం లవణాన్నీ కలిపి పొరలు పొరలుగా పేర్చి, బెంజీన్‌లో ముంచింది. ఆమ్లం కరిగిపోగా లవణం అస్థిపంజరంలా మిగిలింది. అద్భుతమైన ఆలోచన! కానీ ఆ పూత చాలా సున్నితం.

మరో దారి కణాలది. వ్యతిరేక విద్యుదావేశాలున్న కణాలను ఒకదాని తర్వాత ఒకటి గాజుకు అంటించవచ్చని 1966లో డ్యూపాంట్ కంపెనీలో ఐలర్ చూపాడు. 1990ల మొదట్లో గెరో డెకర్ పాలిమర్లతో ఆ దారిని రాజబాట చేశాడు. పద్ధతి చూడండి. గాజు పలకను ధనావేశమున్న పాలీ అలైలమీన్ ద్రావణంలో ముంచాలి, తీసి నీళ్లలో కడగాలి. తర్వాత రుణావేశమున్న సిలికా నానోకణాల నీళ్లలో ముంచాలి, మళ్లీ కడగాలి. ఉపరితలం ఆవేశం తిరగబడగానే కొత్త కణాలను అదే తోసేస్తుంది. అందుకే ముంచిన ప్రతిసారీ ఇంచుమించు అంతే మందం చేరుతుంది. పాలిమర్ జిగురు మాత్రమే. గుండ్రటి కణాలు ఎంత ఒత్తుగా పేరుకున్నా వాటి నడుమ సందులు మిగులుతాయి. మనక్కావలసినవి ఆ సందులే.

ఎం.ఐ.టి.లో రూబ్నర్, కోహెన్ బృందం 2006లో ఇలాంటి పూత మీద నీటిచుక్క అర సెకను లోపే పరుచుకుపోతుందని చూపింది. చుక్కలు నిలవవు కనుక ఆవిరి తగిలినా గాజు మసకబారదు. సందులు నీటిని లాగేసుకోవడమే కారణం.

నన్ను కలవరపెట్టేది మన్నిక. కొలిమిలో దాదాపు 550 డిగ్రీల దగ్గర కాలిస్తే పాలిమర్ మాడిపోయి కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గాజు తట్టుకుంటుంది, ప్లాస్టిక్ తట్టుకోదు. ప్లాస్టిక్ కోసం అదే బృందం ఆసుపత్రుల్లో వాడే ఆటోక్లేవ్ ఆవిరిని ఆశ్రయించింది. కణాలు ఒకదానికొకటి తాకే మెడల దగ్గర నీరు చేరి సిలికాను కొంచెం కరిగించి అక్కడే పేరుస్తుంది. నాకు ఈ పరిష్కారమే ఎక్కువ ముద్దొస్తుంది.

సోలార్ పలకల గాజుకు నేడు ఎక్కువగా వాడేదీ రంధ్రాల సిలికా పూతే, పద్ధతి వేరైనా. కర్నూలు ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అలాంటి చోట పూతున్న పలకల దుమ్మును తుడిచే ప్రతి గుడ్డా ఆ సందుల మీదే నడుస్తుంది. మన కాలేజీ ల్యాబుల్లో బీకర్లున్నాయి, కొలిములున్నాయి, ఓపికున్న పిల్లలున్నారు. వాళ్లు పూత వేసిన రోజు కొలిచిన పరావర్తనం అంకెతో ఆగకూడదు. మన ఎర్రమట్టితో ఆ గాజును రుద్ది, పరావర్తనం మళ్లీ కొలిచి, ఆ అంకెను వ్యాసంలో ముందు వేయాలి.